తనంతట తానే వెళ్ళిపోయిన మేజరు

నేను ఒక ప్రష్యన్ గుర్రపు దళం అధికారి మీద థీసిస్ రాస్తున్నానంటే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఆయన మీకేమవుతాడండీ?" అని. ఏమీ కాడు. నాది గుంటూరు జిల్లా. ఆయనది ఇప్పటి జర్మనీకి పెద్దన్న లాంటి పాత రాజ్యం. ఆయన పోయి వందేళ్ళు దాటింది. నేను గుర్రం తోక కూడా ముట్టుకోకుండా నలభై ఏళ్ళు బతికాను. "మరెందుకు?" అన్నది రెండో ప్రశ్న. నాకు ఇష్టం కాబట్టి. ఈ జవాబు ఎవరికీ ఆనదు. ఆడది ఇష్టం అన్న మాట వాడితే దాని వెనక ఇంకేదో కారణం ఉండి తీరాలని వాళ్ళ నమ్మకం.

కారణం వెతికేవాళ్ళ కోసం మొదటినుంచీ చెప్తాను. కెనడాలో, కిచెనర్ అనే ఊళ్ళో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది ఒక సన్నటి గడ్డి చారే. మేం దిగిన మొదటి చలికాలం, మా డ్రైవ్‌వే మీది మంచునంతా నేను ఆ చార దాటించి పక్కింటివైపు తోశాను. ఎనభై దాటిన ఒక పెద్దావిడ కోటు గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి నన్ను కడిగిపారేసింది. నేనూ తక్కువ తినలేదు. అరగంట వాదులాడుకున్నాక ఇద్దరికీ చలేసింది. "లోపలికి రా, కాఫీ తాగి మళ్ళీ పోట్లాడుకుందాం" అంది. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరైంది, ఒంటరి మనిషి. ఆ రోజు నుంచి ఆదివారాలు వాళ్ళింట్లో కాఫీ, పైన పిండి పొడి చల్లి కాల్చిన కేకు.

వాళ్ళ ముందు గదిలో సోఫా పైన ఒక పటం ఉంది. లేత నీలం కోటు, గడ్డం కిందికి వచ్చే కాలరు, చంకలో హెల్మెట్టు, మనల్నే తప్పు పడుతున్నట్టు చూసే కళ్ళు. "మా ముత్తాత. మేజర్" అంది. పేరు చెప్పలేదు. ఆ ఇంట్లో ఆయన పేరు మేజరే. యుద్ధాలు చూశాడనీ, బోలెడు గౌరవం సంపాదించాడనీ, ఇంకా యాభై నిండకుండానే తనంతట తానే సెలవు అడిగి బయటికొచ్చేశాడనీ, రాజుగారు బాధపడి మేజర్ హోదా ఇచ్చి, బతికినంత కాలం యూనిఫాం వేసుకునే హక్కు కూడా ఇచ్చాడనీ చెప్పింది. ఆయన కొడుకు, అంటే ఈవిడ తాత, ఓడెక్కి ఇక్కడికొచ్చి తోళ్ళ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. అప్పుడు ఈ ఊరి పేరు బెర్లిన్. జర్మన్ల ఊరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పేరు అందరి నోటికీ చేదైతే కిచెనర్ అని మార్చేశారు.

నాకు ఆ కళ్ళు నచ్చాయి. అంతే, ఇంతకుమించి రహస్యం లేదు. రోజంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్ట్ లీడ్‌ని నేను. తప్పు పట్టే మొహం ఎక్కడున్నా గుర్తుపడతాను. పక్కనే ఉన్న వాటర్లూ ఊళ్ళో యూనివర్సిటీకి సాయంత్రాలు వెళ్ళి చరిత్రలో ఎం.ఏ. చేయొచ్చని తెలిసినప్పుడు, అప్లికేషన్‌లో విషయం అన్న చోట ఆయన్నే రాశాను. జర్మన్ క్లాసులో చేరాను. మా ఆయనది వరంగల్. నా చదువు సంగతి విని టీవీ సౌండు తగ్గించాడు.

"కుక్క ఎదురొస్తే రోడ్డు దాటుతవ్ నువ్వు. గుర్రాల పటాలం మీద థీసిస్ రాస్తవా?"

"రాస్తా."

"రాయి రాయి. మంచిగ రాయి" అని మళ్ళీ సౌండు పెంచుకున్నాడు.

యూనివర్సిటీలో నా గైడు మంచివాడే. కానీ మొదటి మీటింగులోనే మెత్తగా ఒక మాట వేశాడు. దక్షిణాసియా నుంచి ఈ ప్రాంతానికి వచ్చినవాళ్ళ అనుభవాల మీద రాస్తే నా గొంతు ఇంకా సహజంగా వినిపిస్తుందట. నాకు ఒళ్ళు మండింది. మన భాషలకి వ్యాకరణాలూ నిఘంటువులూ రాయడానికి దొరలు ఓడలెక్కి వచ్చినప్పుడు, మీ సొంత ఊళ్ళో పాలవాళ్ళ అనుభవాలు రాసుకోండని ఎవరూ చెప్పలేదు. జర్మన్లు మన వేదాలు చదివి పుస్తకాల మీద పుస్తకాలు వేస్తే మనం దండేసి దణ్ణం పెట్టాం. మాకో గుర్రపు రౌతుని ఇవ్వడానికి మీకేమిటి కష్టం? ఇదంతా ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా చెప్పాను. ఆయన ఎర్రబడ్డాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత సంతకం పెట్టాడు.

ఇక ఆయన ఉద్యోగం సంగతి. మేజరు చర్చి పాస్టరు కొడుకు. ప్రష్యన్ గుర్రపు దళంలో అధికారులంటే చాలావరకు జమీందారీ వంశాల వాళ్ళు, ఇంటిపేరు ముందు ‘ఫాన్’ అని గొప్పగా తగిలించుకునేవాళ్ళు. ఈయనకి ఆ తోక లేదు. మెస్సులో అందరూ తమ ఎస్టేట్లలో వేట గురించి మాట్లాడుకుంటుంటే ఈయన చికెన్ ముక్కల మీద దృష్టి పెట్టి ఉంటాడని నా ఊహ. ఊహని థీసిస్‌లో రాయనివ్వరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కుర్రవాడిగా డ్రగూన్లు అనే నీలం కోట్ల గుర్రపు దళంలో చేరాడు. ఆస్ట్రియాతో యుద్ధంలో ఉన్నాడు, ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉన్నాడు. సినిమాల్లోలా కత్తి దూసి దూకింది ఒక్కసారేననీ, అదీ శత్రువు అప్పటికే ఖాళీ చేసి పోయిన దుంపల పొలంలోకనీ ఆయనే కొడుక్కి చెప్పేవాడట. మిగతా యుద్ధమంతా వానలో కబుర్లు మోయడం, వంతెన ఉందో లేదో చూసి రావడం, గుర్రాల వీపు పుళ్ళకి మందు రాయడం.

యుద్ధాలయ్యాక కెప్టెనయ్యాడు. గుర్రపు దళం కెప్టెన్‌ని వాళ్ళు రిట్‌మైస్టర్ అంటారు. ఒక స్క్వాడ్రన్ ఆయన చేతి కిందికి వచ్చింది. చలికాలమంతా పెద్ద షెడ్డులో కొత్త సిపాయిలకి రికాబులు, అంటే జీను కింద పాదాలు ఆనించే కడియాలు, లేకుండా స్వారీ నేర్పించడం, వసంతంలో పై అధికారుల తనిఖీ, కోతలయ్యాక పొలాల్లో ఉత్తుత్తి యుద్ధాలు. అన్నిటికన్నా ముఖ్యమైన పని, ప్రతి ఏడూ వచ్చే మూడేళ్ళ గుర్రాల్ని తీర్చిదిద్దడం. వాటిని తొందరపెట్టకూడదు. రెండు చలికాలాలు ఓపిక పడితే కానీ ఒక గుర్రం ఫిరంగి మోతకి బెదరకుండా నిలబడదు. మేజరుకి ఆ ఓపిక ఉంది. గుర్రం బెదరనప్పుడు దానికి నేర్పినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. సాఫ్ట్‌వేర్ కూలిపోనప్పుడు దాన్ని టెస్ట్ చేసినవాళ్ళని ఎవరూ తలుచుకోనట్టే.

రికాబులు లేని స్వారీ ఎలా ఉంటుందో తెలియకుండా దాని గురించి రాయడం నాకు సిగ్గుగా అనిపించింది. వాటర్లూ దాటి ఉత్తరంగా పోతే కార్లు కూడా వద్దని పాతకాలం పద్ధతిలో బతికే మెనొనైట్ క్రైస్తవుల పల్లెలు, రోడ్డు పక్కన నల్ల బగ్గీలు లాగే గుర్రాలు. అటువైపే స్వారీ నేర్పే చోటొకటి దొరికింది. నేర్పే అమ్మాయి నా వయసు చూసి, చీర పిన్ను పెట్టుకునేంత జాగ్రత్తగా హెల్మెట్ పెట్టుకోవడం చూసి, ఒక ముసలి గుర్రాన్ని ఇచ్చింది. రికాబులు తీసేయమన్నాను. "ఇప్పుడేనా?" అంది. "ఇప్పుడే." రెండో చుట్టులోనే రంపపు పొట్టులో పడ్డాను. గుర్రం ఆగి, జాలిగా నా వంక చూసింది. లేచి మళ్ళీ ఎక్కాను. మర్నాడు మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది. మా ఆయన నవ్వీ నవ్వీ చివరికి వేణ్ణీళ్ళ బ్యాగు తెచ్చి ఇచ్చాడు.

థీసిస్‌లో ఆయన రాజీనామా దాకా వచ్చాను. పక్కింటావిడ చెప్పినట్టే రాశాను, కొంచెం రంగులద్ది కూడా. ‘వృత్తిలో మంచి పేరు తెచ్చుకుని, ఇంకా చురుగ్గా ఉండగానే తన ఇష్టప్రకారం సెలవు కోరాడు’ అని. నాకు ఆ వాక్యం మహా ముద్దొచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే మా డైరెక్టరు పిలిచాడు. ఆయన మనవాడే. హైదరాబాద్ నుంచి టెక్సాస్, టెక్సాస్ నుంచి ఇక్కడికి. గదిలోకి వెళ్ళగానే తలుపు ఆయనే మూశాడు.

"కూర్చోండి. టీ చెప్పనా?"

"వద్దండీ. చెప్పండి."

"టీమ్ రీస్ట్రక్చర్ అవుతోందండీ. మీ పొజిషన్ ఎలిమినేట్ చేస్తున్నారు. పైనుంచి వచ్చింది, నా చేతిలో ఏం లేదు." ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మనవాళ్ళు కాబట్టి మీ గురించి ఒక మాట మాట్లాడి పెట్టానండీ. మీరెలాగూ హిస్టరీ చదువుతున్నారు కదా. మీ ప్యాషన్ కోసం మీరే వెళ్తున్నట్టు టీమ్ అందరికీ ఒక మెయిల్ పెట్టేయండి. ప్యాకేజీలో తేడా ఏం ఉండదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో సీనియర్ మేనేజర్ అని వేయిస్తా. రిఫరెన్స్ నేనే ఇస్తా."

"నేను లీడ్‌నే కదండీ."

"ఏముందండీ, వెళ్ళేటప్పుడు ఒక మెట్టు పైకేసి ఇస్తే ఎవరికి నష్టం? చివరి రోజు అందరం కలిసి లంచ్ పెట్టుకుందాం. మా ఆవిడ ఇండియా నుంచి మంచి శాలువాలు తెచ్చింది. ఒకటి కప్పుదాం మీకు. గౌరవంగా ఉంటుంది."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట మొదట చెప్పాలి, లేకపోతే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆయన నిజంగానే నాకు మేలు చేస్తున్నాననుకున్నాడు. మనవాళ్ళలో మనిషిని సాగనంపే పద్ధతి అదే. పొమ్మన్నామని అనకూడదు. శాలువా కప్పి, ఫొటో తీసి, నాలుగు మంచి మాటలు చెప్తే, పోయేవాడు కూడా తనే పోతున్నాననుకుని నవ్వుతాడు. ఆలోచించుకుంటానని చెప్పి బయటికొచ్చాను.

లైట్ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. ఏడుపు రావాల్సిన చోట ఒక మాట తిరుగుతోంది. వెళ్ళేటప్పుడు ఒక మెట్టు పైకి. వెళ్ళేటప్పుడు ఒక మెట్టు పైకి. రాజుగారు బాధపడి ఇచ్చిన మేజర్ హోదా. బతికినంతకాలం యూనిఫాం వేసుకునే హక్కు. రైలు రెండు స్టాపులు దాటేసరికి నాకు వెలిగింది. ఓరి నాయనో, ఆ మేజర్ హోదా ఒక శాలువా! ఇన్నాళ్ళూ ఆ నీలం కోటు ముందు కూర్చుని కేకు తిన్నాను, శాలువాలు కప్పే జాతిలో పుట్టి ఉండి కూడా పోల్చుకోలేకపోయాను.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా గైడు దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకోసం ప్రష్యన్ సైన్యం సంగతులు తెలిసిన ఒక స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఆ స్నేహితుడు సందేహమే లేకుండా చెప్పాడు. అక్కడి పద్ధతి అది. ప్రతి కెప్టెన్ గురించీ పై అధికారి ఏటేటా అభిప్రాయం పంపుతాడు, మేజరుకి తగునా తగడా అని. తగడనుకుంటే ఏమీ అనరు. ఆయన కన్నా జూనియర్‌ని మేజర్ చేస్తారు, అంతే. అది జరిగిందంటే ఆ కెప్టెన్ తనే కలం తీసుకుని, ఆరోగ్యం బాగోలేదనో మరొకటో చెప్పి, సెలవిప్పించమని రాజుగారిని వేడుకోవాలి. వేడుకోకపోతే పరువు తక్కువ. వేడుకుంటే పేరుకి మేజర్ హోదా, యూనిఫాం. పని లేదు, స్క్వాడ్రన్ లేదు, గుర్రాలు లేవు. వెళ్ళగొట్టిన వాళ్ళు చేతులు దులుపుకుంటారు. వెళ్ళినవాడు జీవితాంతం తనే వెళ్ళానని చెప్పుకుంటాడు.

ఆ రాత్రి మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు చెంచాతో పెరుగన్నం కలుపుతూనే ఉన్నాడు.

"ఇజ్జత్ తోని పంపిస్తమంటున్రు కదా. మెయిలే కదా, పెట్టెయ్‌రాదు. లొల్లి ఎందుకు? రేపు ఇంకో జాబ్‌కి పోతే వీళ్ళనే రిఫరెన్స్ అడగాలె."

"నేను వెళ్తానని అనలేదు కదా."

"అనలే. అన్నవని ఎవరికన్నా నష్టమైతదా?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నా వయసులో, ఈ మార్కెట్‌లో, సీనియర్ మేనేజర్ అన్న కాగితం, డైరెక్టరు మంచి మాట, రెండూ వదులుకోవడమంటే మాటలు కాదు. నాకు భయం వేసింది. మెయిల్ రాయడం మొదలుపెట్టాను కూడా. ‘ఎంతో ఆలోచించాక’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. ఆలోచించింది నేను కాదుగా.

నష్టం ఎవరికో మర్నాడే తెలిసింది. నా టీమ్‌లో కడప అతను ఒకడున్నాడు, నా కన్నా కొంచెం చిన్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నేను మెయిల్ పెట్టకముందే డైరెక్టరు నలుగురి చెవిలో వేసినట్టున్నాడు. కడప అతను కాఫీ మెషిన్ దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"సంగతి విన్యానక్కా! ఇష్టమైన సదువు కోసం జాబే వదిలేస్తాండారంటనే. ఎంత ధైర్యమక్కా మీకి."

"నువ్వేం చేస్తున్నావు?"

"ఇల్లు సూసినామక్కా. టీమ్ స్టేబుల్‌గానే ఉందని సార్ అన్న్యాడు. ఈ వీకెండ్ కాక ఆపై వారం ఆఫర్ పెడతాండాం."

మెషిన్ దగ్గర ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, అక్కడ ఏమీ అనలేకపోయాను. నేను ప్యాషన్ కోసం పోతున్నానన్న కథ నా పరువు కోసం మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది. మిగతావాళ్ళు కదలకుండా కూర్చుని పనిచేయడానికి కూడా అది పనికొస్తుంది.

ఆ ఆదివారం పక్కింటావిడకి నిజం చెప్పాను. చెప్పకుండా థీసిస్‌లో రాస్తే ఆవిడ ఉప్పు తిని... కాదు, ఆవిడ కేకు తిని ద్రోహం చేసినట్టే. మేజరు తనంతట తాను వెళ్ళలేదనీ, ఆయన్ని దాటించి జూనియర్ని పైకి పంపారనీ, ఆ హోదా పేరుకే ఇచ్చారనీ చెప్పాను. ఆవిడ కప్పు ఠపీమని పెట్టింది.

"నువ్వెవరు ఆయన్ని తక్కువ చేయడానికి?"

"నేను తక్కువ చేయట్లేదు. చేసినవాళ్ళు వేరే."

"మా నాన్న చచ్చేదాకా ఆయన్ని మేజర్ అనే అన్నాడు. నేనూ అంతే అంటాను."

"అనండి. నేను మాత్రం రాయను."

పొమ్మంది. వచ్చేశాను. ఆ రోజు మా ఇద్దరి మధ్య మంచు లేదు కానీ, ఉన్నట్టే ఉంది. నాకు బాధేసింది, చాలా. పటంలో ఉన్న మనిషి కన్నా పటం ముందు కూర్చునే మనిషే నాకు ముఖ్యమని తలుపు మూసుకున్నాక తెలిసింది. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మూడు రోజుల తర్వాత ఆవిడే మా తలుపు కొట్టింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మా గడప తొక్కలేదు. చెప్పులు విప్పమని నేను అనకముందే విప్పి, సోఫాలో కూర్చుని, టీ కూడా వద్దని, ఒకే విషయం చెప్పింది.

"మా తాత ఆదివారాలంటే అసహ్యించుకునేవాడు. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు నాకొక్కదానికే చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మేజర్ ఆ నీలం కోటు వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని, బ్యారక్స్ గేటు ముందు నుంచి నడిచేవాడట. యూనిఫాం చూసి కుర్ర లెఫ్టినెంట్లు సెల్యూట్ కొట్టాలి. కొట్టేవాళ్ళు. దాటిపోగానే వెనక నవ్వేవాళ్ళు. మా తాతకి ఆ నవ్వు వినపడేది. మేజర్‌కి వినపడేదో లేదో తెలియదట. పెద్దయ్యాక ఆ నడక తప్పించుకోవడానికే ఓడెక్కాడు." కిటికీలోంచి తన ఇంటివైపు చూసింది. "నేను ఆ కథని మనసులో ఎక్కడో పెట్టి మర్చిపోయాను. నువ్వు చెప్పాక నిద్ర పట్టలేదు. ఆయనకి వినపడే ఉంటుంది. వినపడకుండా ఎలా ఉంటుంది?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. తర్వాత నా ఉద్యోగం సంగతి చెప్పాను. సీనియర్ మేనేజర్ మాట, లంచ్ మాట, శాలువా అంటే ఏమిటో కూడా చెప్పాను. ఆవిడ ఏ సలహా ఇవ్వలేదు. "ఆ కోటు చాలా బరువుగా ఉండి ఉంటుంది" అని మాత్రం అంది.

నేను మెయిల్ పెట్టలేదు. డైరెక్టరు రెండుసార్లు గుర్తు చేశాడు. రాయట్లేదని చెప్పాను. నేను మొహమాటపడుతున్నానని అనుకున్నాడు కాబోలు, లంచ్ ఏర్పాట్లు మాత్రం ఆపలేదు.

చివరి రోజు పెద్ద మీటింగ్ గదిలో బిర్యానీ ట్రేలు, పెరుగుచట్నీ, కేకు. మనవాళ్ళే కాదు, టీమ్ మొత్తం ఉంది. డైరెక్టరు లేచి నా గురించి చాలా మంచి మాటలు చెప్పాడు. అందులో సగం నిజమే. చివర్లో, "కలల్ని వెతుక్కుంటూ వెళ్ళే ధైర్యం అందరికీ ఉండదు" అని ఇంగ్లీషులో అని, జరీ అంచు శాలువా మడత విప్పాడు. అందరూ ఫోన్లు పైకెత్తారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన ముందుకి వచ్చాడు. నేను ఇంకో అడుగు వెనక్కి వేశాను. ఎవరో నవ్వారు, సిగ్గుపడుతున్నాననుకుని.

"థాంక్సండీ, వద్దు" అన్నాను. తర్వాత అందరికీ వినిపించేట్టు ఇంగ్లీషులో చెప్పాను. "నేను కలల కోసం వెళ్ళడం లేదు. నా ఉద్యోగం తీసేశారు. చరిత్ర నేను సాయంత్రాలు చదువుకుంటున్నాను, ఈ ఉద్యోగం ఉన్నా చదువుకునేదాన్ని. ఇంకెవరి పొజిషనైనా పోతుందో లేదో నాకు తెలియదు. పెద్ద నిర్ణయాలు తీసుకునేవాళ్ళు ముందు అడిగి తెలుసుకోండి." అదే మాట తెలుగులో కూడా అన్నాను, కడప అతని వంకే చూస్తూ. "తీసేశారు. నేను పోవడం లేదు."

గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డైరెక్టరు శాలువాని మళ్ళీ మడత పెట్టాడు. "ఏంటండీ ఇది... మీ మంచికే కదా" అన్నాడు మెల్లగా, తెలుగులో. "తెలుసండీ" అన్నాను. నిజంగా తెలుసు. ప్లేటు తీసుకుని బిర్యానీ వడ్డించుకున్నాను. నా కోసం తెచ్చిన బిర్యానీ, వదిలేసి పోవడానికి నాకేం పట్టింది? కడప అతను నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఏమీ తినలేదు. బల్ల కింద ఫోన్లో భార్యకి ఏదో టైప్ చేస్తున్నాడు.

ఎక్స్‌పీరియన్స్ లెటర్ ‘టెస్ట్ లీడ్’ అనే వచ్చింది. రిఫరెన్స్ రాలేదు. ఊళ్ళో పార్టీలకి వెళ్తే పొగరుబోతునని నా వెనక అనుకుంటున్నారని మా ఆయనే మోసుకొచ్చాడు. ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ కడప పిలగాడు ఇల్లు కొనుడు ఆపుకున్నడంట" అని చెప్పి, పక్క గదిలోకి పోయాడు. ఇంటర్వ్యూల్లో అక్కడెందుకు మానేశారని అడుగుతారు. మానలేదు, తీసేశారని చెప్తాను. కొందరికి నచ్చుతుంది, చాలామందికి నచ్చదు. ఇంకా వెతుకుతున్నాను. భయం పోలేదు. తెల్లవారుజామున లేచి కూర్చునే రోజులున్నాయి. ఆ రోజుల్లో కూడా, ఆ శాలువా కప్పించుకుని ఉంటే బాగుండేదని ఒక్కసారీ అనిపించలేదు.

థీసిస్‌లో ఆ ముద్దొచ్చిన వాక్యం కొట్టేశాను. అధ్యాయం మొత్తం మళ్ళీ రాశాను. డిపార్ట్‌మెంట్‌లో దాన్ని చదివి వినిపించే రోజు పక్కింటావిడ తనూ వస్తానంది. బస్సులో తీసుకెళ్ళాను. పదిహేను మంది కన్నా ఎక్కువ లేరు. ఆవిడ ముందు వరసలో, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాస్టరు కొడుకు గురించి, మూడేళ్ళ గుర్రాల గురించి, వేడుకోక తప్పని సెలవు గురించి, ఆవిడ అనుమతితోనే ఆ ఆదివారాల గురించి చదివాను.

ప్రశ్నలప్పుడు వెనకనుంచి ఒక విద్యార్థి మర్యాదగా లేచాడు. "మరి మీ మేజర్ ఎందుకు..." అని ఏదో అడగబోయాడు. నేను నోరు తెరిచేలోపే పక్కింటావిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. లేవడానికి ఆవిడకి కొంత సమయం పట్టింది. అందరూ ఆగారు.

"మేజర్ కాదు, కెప్టెన్" అంది, పూర్తిగా నిలబడ్డాక. "ఆయన వెళ్ళలేదు. పంపించేశారు."